పాత ఆర్‌ఎన్‌ఏకు సెలవు చీటీ

అక్వేరియంలలో కనిపించే చారల చేప జీబ్రాఫిష్ ప్రయోగశాలల్లోనూ బాగా పనికొస్తుంది. దాని గుడ్డు ఫలదీకరణ చెందాక తొలి రెండు, మూడు గంటలు పిండం సొంత జన్యువులు దాదాపు పనిచేయవు. తల్లి గుడ్డులో ముందే దాచిన ఆర్‌ఎన్‌ఏతోనే బండి నడుస్తుంది. ఆ తర్వాత ఆ పాత ఆర్‌ఎన్‌ఏ పోవాలి, పిండం తన పని తాను అందుకోవాలి. ఏది పోవాలో కణానికి తెలిసేదెలా?

అందుకు ఉన్న ఆనవాళ్లలో ఒకటి ఆర్‌ఎన్‌ఏ మీదే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన అడెనిన్‌కు అతుక్కున్న మిథైల్: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే! పేరు ఎం6ఏ. 1974లోనే బయటపడినా చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వైటీహెచ్‌డీఎఫ్2 అనే ప్రొటీన్ ఆ గుర్తును పట్టుకుని ఆర్‌ఎన్‌ఏను నాశనానికి అప్పగిస్తుంది. ఈ ప్రొటీన్ లేని చేపపిండాల్లో పాత ఆర్‌ఎన్‌ఏ తొలగడం ఆలస్యమై, ఎదుగుదల వెనకబడిందని 2017లో తేలింది.

ఎలుకల సంగతి ఇంకా ఆసక్తికరం. ఈ గుర్తు వేసే ఎంజైము మెటిల్3. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఎలుక మూలకణాల్లోనూ పిండాల్లోనూ దాన్ని తొలగించి చూశారు. మూలకణాలు మూలకణాలుగానే ఉండిపోయాయి. మూలకణ స్థితిని నిలిపే నానోగ్ వంటి జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పోవలసిన వేళకు పోలేదు. అలాంటి పిండాలు గర్భాశయంలో అంటుకున్న కొద్ది రోజులకే చనిపోయాయి. చిత్రమేమిటంటే, అదే ఎంజైమును కాస్త ముదిరిన దశలోని మూలకణాల్లో తగ్గిస్తే, అవి నిలదొక్కుకోలేకపోయాయి.