ఒక్క మీటరు దూరము



గెలువవలెనను కోరిక లేనివాడు పందెగాడే కాడు. కాని ఆ కోరిక తన శక్తిని తాను కొలుచుకొనుటకు పుట్టినదా, లేక పక్కవానిని చూచి పుట్టినదా అనుదానినిబట్టి, మందుసీసావంక చేయి సాగుటయో సాగకుండుటయో జరుగుచుండును.

1988వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన సియోలు ఒలింపిక్ క్రీడలయందు కెనడా దేశపు బెన్ జాన్సన్ నూరు మీటర్లను 9.79 సెకండ్లలో పరుగెత్తి లోకమును విస్మయపరచెను. మూడు దినములకే అతని మూత్రపరీక్షలో స్టానొజొలాల్ అను మందు బయటపడినట్లు ప్రకటించిరి. అది కండబలమును పెంచి, కఠినశిక్షణ పిమ్మట దేహము త్వరగా కోలుకొనునట్లు చేయును. పతకము అమెరికాకు చెందిన కార్ల్ లూయిస్‌కు దక్కెను.

మరుసటి సంవత్సరము విచారణ సంఘము ఎదుట జాన్సన్ తప్పు నొప్పుకొనెను. అతని శిక్షకుడు చార్లీ ఫ్రాన్సిస్ చెప్పిన సంగతి మరింత ఆలోచింపదగినది. 1981 నుండియే ఈ వాడుక కలదట. పైస్థాయిలోని పరుగువీరులు మందులు వాడుచున్నారని ఆయన నమ్మెను. వాడనివాడు తక్కినవారికంటె ఒక మీటరు వెనుక నిలిచి పరుగు ప్రారంభించినట్లే యని ఆయన వాదము. బంగారముపై ఆశకన్న వెనుకబడుదుమను భయమే ఇందు ముందు నడచినది. ఆ భయమును యువకునికి నేర్పినవాడు గురువే యగుట విచారకరము.

1993లో జాన్సన్ మరల పట్టుబడి యావజ్జీవ బహిష్కారమునకు గురియయ్యెను. ఒకమారు పరువు పోయినవాడు మరల ఏల సాహసించెను? పరుగే సర్వస్వమనుకొన్నవానికి శిక్షకంటె ఓటమియే పెద్దదిగా తోచియుండును.

అందరును అట్లే చేయుదురా? ఫెస్టినా అను సైకిలు పందెపు జట్టును 1998లో మందుల కారణముగా టూర్ డి ఫ్రాన్స్ పందెమునుండి వెళ్లగొట్టిరి. ఆ జట్టువాడే యైన క్రిస్టోఫ్ బాసోన్స్ మాత్రము మందు ముట్టలేదని తోడివారే చెప్పిరి. అదే జట్టు, అవే కొండబాటలు, అదే ఒత్తిడి! తన కాలి బలమున వచ్చిన స్థానమే తనదని అతడు తృప్తిపడెను. మరుసటి యేడు టూరు జరుగుచుండగా పందెములోని మందులనుగూర్చి అతడు పత్రికలో వ్రాసెను. తోడి పందెగాండ్రు అతనిని వెలివేసినట్లు చూచిరి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ మందలించెను. బాసోన్స్ పందెమును నడుమనే విడిచి యింటికి పోయెను.

ఆ యేటి విజేత ఆర్మ్‌స్ట్రాంగే. అతని ఏడు టూరు విజయములును 2012లో రద్దయినవి. బాసోన్స్ పేరున టూరులో ఒక్క విజయమును లేదు. పిమ్మట అతడు క్రీడలలో మందుల వాడుకను అరికట్టు పనిలోనే ఉద్యోగము చేసెను.