అర్జీ పెడితేనే అందే ఆసరా
(ఐరాలలో మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవడం మన సమావేశాల్లో రివాజు. ఈ రోజు మన ఇరుగుపొరుగు వారికి రావలసిన ఒక బకాయి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ఊళ్లో ఒక హత్య జరిగిందనుకోండి. పోలీసులు వస్తారు, పంచనామా జరుగుతుంది, కేసు నడుస్తుంది. నేరం రుజువైతే ముద్దాయి జైలుకు పోతాడు. అక్కడ అతనికి తిండి ప్రభుత్వమే పెడుతుంది. మరి చనిపోయినవాని భార్యాబిడ్డల తిండి మాటేమిటి? పూర్వం ముద్దాయి చేత కోర్టు కొంత సొమ్ము ఇప్పించేది. అదీ శిక్ష పడితేనే, అతని దగ్గర డబ్బుంటేనే.

శిక్ష కోసం కాచుకు కూర్చుంటే ఏమవుతుందో చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని ఆ ఊరిలో ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఇన్నేళ్లు ఏ కుటుంబం పస్తులతో ఆగగలదు?

కాపాడవలసిన ప్రభుత్వం కాపాడలేకపోతే ఆదుకోవాలనే ఆలోచనతో 1963లోనే న్యూజిలాండ్ చట్టం చేసింది. మన దేశంలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన 357-ఏ సెక్షను 2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. దాని కింద మన రాష్ట్రం 2015లో బాధితుల పరిహార పథకం తెచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షను స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షను ఉంది.

ఇందులో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి మూడు. ఒకటి, కేసు కొట్టివేసినా, బాధితునికి ఆసరా అవసరమని తోస్తే కోర్టు పరిహారానికి సిఫారసు చేయవచ్చు. రెండు, నేరస్తుడెవరో తెలియక విచారణే జరగకపోతే, బాధితులు గానీ వారిపై ఆధారపడినవారు గానీ నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలి. మూడు, ఆలోగా తాత్కాలిక సాయం, ఉచిత వైద్యం కూడా ఇప్పించవచ్చు.

స్త్రీల విషయంలో 2018 నాటి జాతీయ పథకం ప్రకారం ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షల రూపాయలు. దీనికి మూడేళ్ల గడువు ఉంది. యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వైద్యం చేయవలసిందే. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 1989 చట్టం కింద వేరే సాయముంది. 2016 సవరణ ప్రకారం హత్య జరిగితే 8 లక్షల 25 వేలు. అందులో సగం పోస్టుమార్టం కాగానే, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు చేరాక ఇవ్వాలి.

ఇంత ఉండీ పల్లెల్లో చాలామంది అడగరు. ఒక కారణం తెలియకపోవడం. రెండోది, “పోయిన ప్రాణానికి వెల కట్టించుకుంటామా?” అన్న బాధ. మూడోది, డబ్బు తీసుకుంటే రాజీ పడినట్టేనన్న భయం. ఇది రాజీ సొమ్ము కాదు. ఇచ్చేది ముద్దాయి కాదు, ప్రభుత్వం. కేసు కేసే, సాయం సాయమే. ఈ మాట మన నోట వింటే వారికి ధైర్యం వస్తుంది.

మన మండలంలోని కాణిపాకం స్థలపురాణం మీకు తెలిసిందే. అడగకుండా మామిడిపండు కోసుకున్నందుకు లిఖితుని చేతులు నరికించారు. ఏటిలో మునగగానే అవి తిరిగి వచ్చాయి, ఆ ఏరు బాహుదా నది అయింది. తప్పు చేసినవానికే చేతులిచ్చిన ఏటి పక్కన బతుకుతున్నాం. ఏ తప్పూ చేయకుండా నష్టపోయినవారికి మనం చేయి అందించలేమా?

జీవితమంతా ఫైళ్లతో గడిపినవాళ్లం. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, ఏ అర్జీకి ఏ ధ్రువపత్రం జతచేయాలో, రసీదు ఎందుకు తీసుకోవాలో మనకు తెలుసు. న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లుగా విశ్రాంత ఉద్యోగులను కూడా తీసుకుంటాయి. చిత్తూరు వెళ్లలేనివారు 15100కు ఫోను చేసి సలహా అడగవచ్చు.

కష్టంలో ఉన్న ఇంటికి పరామర్శకు మనమంతా వెళతాం. ఇకపై వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం, కలం వెంట తీసుకువెళ్లండి. పెద్దకర్మ అయ్యాక అయినా సరే, ఆ అర్జీ రాసిపెట్టి రండి.