చెరువు గట్టు మీద మామూ లెక్క

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుకు మనం చేసే సాయం గురించి నాలుగు మాటలు చెప్పమని సెక్రటరీ సాహెబ్ అడిగారు. పాతికేళ్లకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నాను కాబట్టి మార్కులు, శాతాలు చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను మా పెద్ద మామూ గండిపేట క్యాంపు గురించి చెబుతాను. సాయం ఎలా చేయాలో నాకు బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు. దాన్ని చిన్నప్పుడు ఆ చెరువు గట్టు మీద కళ్లారా చూశాను. చూసింది ఏమిటో అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

మామూకు ఇక్కడే బన్సీలాల్‌పేటలో చిన్న సప్లయింగ్ కంపెనీ ఉండేది. షామియానాలు, ఖనాతులు, జంపఖానాలు, దేగులు, పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవారు. పెళ్లి ఎవరిదైనా సామాను మామూదే. 1979, 80 ప్రాంతంలో ముహర్రం, సఫర్ నెలలు చలికాలంలో వచ్చేవి. ఆ రెండు నెలల్లో మనవాళ్లు పెళ్లిళ్లు పెట్టుకునేవారు కాదు. అటు డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా హిందువులకు ధనుర్మాసం, వాళ్లకూ పెళ్లిళ్లు ఉండవు. రెండూ కలిసొచ్చేసరికి సామానంతా గోదాములో మూలుగుతూ ఉండేది. "ఖాళీగా పడుంటే గుడ్డకు చెదలు పడతాయి, మనిషికి బద్ధకం పడుతుంది" అనేవారు మామూ. రెండు పెద్ద గుడారాలు, నాలుగు దేగులు లారీలో వేయించి, ఖాందాన్ మొత్తాన్ని ఎక్కించి గండిపేటకు బయలుదేరేవారు. మూడు పగళ్లు, రెండు రాత్రులు.

గండిపేట చెరువు కథ మీకు తెలిసిందే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన కట్టలే తర్వాత నగరం దాహం తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని పెద్దలు అనేది అందుకే.

మాకు పరిచయమున్న రైతు మామిడితోటలో, నీళ్లకు కొంచెం ఎడంగా గుడారాలు వేసేవాళ్లం. ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. నలభై మందిమి ఉండేవాళ్లం. అందులో అందరి పరిస్థితి ఒకటి కాదు. ఒక ఖాలూకు ప్రభుత్వోద్యోగం. ఒక చాచాకు సైకిల్ పంక్చర్ల దుకాణం. మా చిన్న ఖాలా నలుగురు పిల్లలతో వితంతువైంది, బట్టలు కుట్టి బతికేది. అయినా ఆ మూడు రోజులూ ఎవరు ఏమిచ్చి వచ్చారో పిల్లలమైన మాకెవరికీ తెలియదు. తెలియకుండా ఉండటానికి మామూ రెండు పద్ధతులు పెట్టారు.

మొదటిది డబ్బా. క్యాంపు ఖర్చుకు ప్రతి ఇంటివారూ చందా ఇవ్వాలి. ఎంత అన్నది లేదు. గుడారం మూలన మూతికి చీలిక కోసిన రేకు డబ్బా ఉండేది. చీకటి పడ్డాక ఒక్కొక్కరే వెళ్లి వేసి రావాలి. వంద వేసినవారూ, అర్ధ రూపాయి వేసినవారూ, ఊరికే చేయి పెట్టి వచ్చినవారూ చీకట్లో ఒక్కటే. డబ్బా తెరిచేది మామూ ఒక్కరే, అదీ ఇంటికి వెళ్లాక.

రెండోది పని. ప్రతి ఇంటికీ ఒక బాధ్యత. పంక్చర్ల చాచా లైట్ల మేనేజరు. ఉద్యోగం ఉన్న ఖాలూ కట్టెలు, నీళ్లు మోయాలి. వంటకు పెద్ద మా చిన్న ఖాలా. బగారా అన్నం, దాల్చా ఆమె చెప్పినట్టే వండాలి, ఆమె ఊఁ అన్నాకే దేగు మూత తీయాలి. దస్తర్‌ఖాన్ పరిచాక మామూ కూడా ఆమె పిలిచేదాకా కూర్చునేవారు కాదు. క్యాంపులో ఒక నియమం ఉండేది: మిగిలిన సరుకు వంట చూసినవారిది. అది వారి హక్కు, మరొకరు అడగకూడదు.

ఇక ప్రతి ఏడాదీ సరుకు మిగిలేది. కొంచెం కాదు. మూట విప్పని బియ్యం, సీలు తీయని నూనె డబ్బా, పప్పు, చక్కెర, చాయపత్తా. తిరుగు లారీ మొదట ఖాలా ఇంటి ముందు ఆగేది. "మళ్లీ లెక్క తప్పాను" అని మామూ తల కొట్టుకునేవారు. అందరూ నవ్వేవారు. ఇంత వ్యాపారం చేసే మనిషికి నలభై మంది లెక్క రాదా అని పిల్లలం కూడా ఆటపట్టించేవాళ్లం.

మామూ వఫాత్ అయ్యాక ఒకసారి అమ్మీ ఆ మాట ఎత్తింది. "ఐదొందల మంది వలీమాకు ఎన్ని దేగులు పడతాయో ఆయన కంటితో చెప్పేవాడు. ఒక్క కిలో తేడా వచ్చేది కాదు. మరి గండిపేటలోనే ఏటా ఎందుకు తప్పుతాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అమ్మీ కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఖాలా పిల్లలు నలుగురూ చదువుకున్నారు. మామూ దగ్గర సాయం తీసుకున్నామని వాళ్లు ఎప్పుడూ తల దించుకోలేదు. వాళ్ల లెక్కలో అది అమ్మీ సంపాదన.

ఇప్పుడు ఇంకొక సంగతి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో, ఒక సంస్థవారు ఇరవై మంది పిల్లలకు బ్యాగులు, పుస్తకాలు ఇచ్చారు. మంచి బ్యాగులు. వేదిక మీద ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని మైకులో చదివి ఇచ్చారు. ఫొటోలు తీశారు. బడి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మర్నాటి నుంచి బడికి రాలేదు. రెండు వారాలు చూసి ఇంటికి వెళ్లాను. "నేను రోజూ ఆ గేటులోంచే రావాలి కదా టీచర్" అంది. ఫ్లెక్సీ తీశాక వచ్చింది. పాత చినిగిన బ్యాగుతోనే వచ్చింది. కొత్తది ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా తేలేదు. ఇచ్చినవారి మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ వారు ఇచ్చిన బ్యాగు ఆ పిల్లకు చేరలేదు.

దాత పేరు చెప్పుకోవడం తప్పని నేను అనడం లేదు. మనం ఉంటున్న పేటే ఒక దాత పేరు మీద ఉంది. సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన సొమ్ముతో ఈ వాడ బాగుపడింది. మొన్న మొన్నటిదాకా చెత్తతో పూడి ఉన్న మన మెట్లబావిని ఎందరో పూనుకుని బాగు చేయించి, 2022 డిసెంబరులో తెరిచారు. ఆ పని చేసినవారి పేర్లు చెప్పుకుంటే మరికొందరికి ఉత్సాహం వస్తుంది. బహిరంగంగా ఇవ్వడం మంచిదే, గుప్తంగా పేదలకు చేర్చడం ఇంకా మేలని బఖరా సూరా మనకు నేర్పుతుంది. బావికి బోర్డు పెట్టండి. బావి నీళ్లు తాగేవాడి మెడలో బోర్డు వేయకండి. నేను చెప్పేది ఇంతే.

సొసైటీ పెద్దల ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి, ఫీజు సాయం నేరుగా బడికే కట్టండి. రసీదు తల్లిదండ్రుల పేరు మీద ఇప్పించండి. పిల్ల చేతికి వేదిక మీద చెక్కు వద్దు. జకాత్ ఇచ్చేటప్పుడు తీసుకునేవారికి "ఇది జకాత్" అని చెప్పి తీరాలన్న షరతు లేదని, ఇచ్చేవారి నియ్యత్ ఉంటే చాలని మన ఉలమాలు చెబుతారు.

రెండు, ఫొటోలు తీయాలనుకుంటే పుస్తకాల కట్టలు తీయండి, బడి గది తీయండి, లెక్కల పుస్తకం తీయండి. దాతలకు లెక్క చూపాల్సిందే. దానికి ఆడిట్ కాగితం ఉంది, పిల్ల ముఖం అక్కరలేదు.

మూడు, సాయం తీసుకునే కుటుంబాలకు సొసైటీలో పని ఇవ్వండి. కుట్టు తెలిసిన తల్లులకు యూనిఫాం ఆర్డరు ఇవ్వండి. ఇంటర్ చదివే పిల్లలకు చిన్న తరగతుల ట్యూషను అప్పజెప్పి, గౌరవ వేతనం ఇవ్వండి. పని ఇస్తే వాళ్లు చేయి చాచరు, చేయి కలుపుతారు.

ఈ సావనీరు చేతిలోకి తీసుకున్న దాతలు ఒక్క క్షణం ఆలోచించండి. మీరు పంపిన రూపాయి ఎంతమందికి చేరిందో సొసైటీ మీకు చెబుతుంది. అది చేరిన ఇంట్లో పిల్లలు తల ఎత్తుకుని తిరుగుతున్నారా అని మీరు కూడా ఒకసారి అడగండి. ఆ ప్రశ్న దాతలు అడిగితేనే మా బడుల్లో పద్ధతి మారుతుంది.

మీరిచ్చినది అల్లాహ్ ఖబూల్ చేయుగాక. మీ సంపాదనలో, సంతానంలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.