హిప్పోకాంపస్: జ్ఞాపకం నడిచే దారి



ఛత్తీస్‌గఢ్‌లోని సిర్గిట్టి వారికి బిలాస్‌పూర్ జంక్షన్ బాగా తెలుసు. హౌరా, నాగపూర్, కట్నీ వైపుల నుంచి వచ్చే పట్టాలు అక్కడ కలుస్తాయి. మన మెదడులోనూ అలాంటి కూడలి ఒకటుంది. చెవులకు లోపలివైపు, రెండు పక్కలా ఒక్కొక్కటిగా ఉండే ఆ భాగమే హిప్పోకాంపస్. అయితే పట్టాల మీద రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఇక్కడ ప్రధాన మార్గం చాలావరకు ఒకే దిశలో సాగుతుంది.

ఆ మార్గం ఏమిటో చూద్దాం. చూసినవీ విన్నవీ మొదట ఎంటోరైనల్ కార్టెక్స్‌కు చేరతాయి. అక్కడి నుంచి పెర్ఫొరెంట్ మార్గం డెంటేట్ గైరస్‌కు వెళ్తుంది. దాని మాసీ తంతువులు సిఎ3ను చేరతాయి. సిఎ3 నుంచి షాఫర్ శాఖలు సిఎ1కు వెళ్తాయి. సిఎ1 నుంచి సంకేతాలు నేరుగానూ, సబిక్యులం ద్వారానూ తిరిగి ఎంటోరైనల్ కార్టెక్స్‌కు వస్తాయి. ఇవి కాక సిఎ3కు, సిఎ1కు ఎంటోరైనల్ నుంచి నేరు దారులు కూడా ఉన్నాయి. 'సిఎ' పేర్లను 1934లో లొరెంటె డి నో పెట్టాడు.

ఇన్ని విభాగాలు ఎందుకు? నిన్న సైకిల్ పెట్టిన చోటునూ, ఇవాళ పెట్టిన చోటునూ కలిసిపోకుండా విడదీయడంలో డెంటేట్ గైరస్ తోడ్పడుతుంది. సిఎ3 నాడీకణాలు తమలో తాము విస్తారంగా కలిసి ఉంటాయి. అందుకే చిన్న ఆనవాలు దొరికినా మొత్తం సంఘటన గుర్తుకు రావడంలో వాటికి పాత్ర ఉందని భావిస్తారు. సిఎ3కు, సిఎ1కు నడుమ చిన్న సిఎ2 ఉంది. తోటి ఎలుకను గుర్తుపట్టడానికి అది అవసరమని 2014లో ఎలుకలపై ప్రయోగాలు చూపాయి.

మరి ఒక్క విభాగం దెబ్బతింటే? అమెరికాలో ఆర్.బి. అనే అక్షరాలతో పిలిచే రోగికి 1978లో, 52 ఏళ్ల వయసులో, గుండె శస్త్రచికిత్స తరువాత మెదడుకు రక్తం సరిగా అందలేదు. ఆయన తెలివితేటలు తగ్గలేదు. కొత్త విషయాలు మాత్రం గుర్తుండేవి కావు. మరణానంతరం మెదడును పరీక్షించి, 1986లో ఫలితాలు ప్రచురించారు. ప్రధానంగా పోయినవి రెండు వైపులా సిఎ1 కణాలే! మిగతా విభాగాలు చాలావరకు ఉన్నా, బయటికి పోయే దారి తెగిపోయింది.

రక్తం, ఆక్సిజన్ అందకపోతే ముందుగా దెబ్బతినే కణాలలో సిఎ1 కణాలు ఉంటాయి. గుండె ఆగిన మనిషికి ఆలస్యం చేయకుండా ఛాతీ నొక్కడం ఎందుకు మొదలుపెట్టాలో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ప్రాణంతోపాటు జ్ఞాపకాన్నీ కాపాడడానికి.

ఇప్పుడు మీరే ఈ దారిని బాణం గుర్తులతో గీయండి. తరువాత సిఎ3ను చెరిపి, ఏయే దారులు మిగిలాయో రాసి చూడండి.