రోగియు, రోగి చెంత నున్నవారును
(ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ప్రపంచమందలి కతోలిక దేవాలయములలో ఒక ప్రత్యేక ప్రార్థన జరుగుచుండును. దానికి ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినమని పేరు. ఆ దినమున మంచమున పడియున్న రోగుల కొరకే గాక, ఆ మంచము ప్రక్కన రాత్రింబవళ్లు కూర్చుండువారి కొరకును ప్రార్థింతురు. రోగి కొరకు ప్రార్థించుట అన్ని మతములందును కలదు. రోగిని కనిపెట్టుకొని యున్నవారిని గూడ ఆ ప్రార్థనలో ప్రత్యేకముగా చేర్చుట ఈ దినమునకు గల విశేషము. ఏ మతమువారైనను ఆలోచింపదగిన విషయ మిందులో కలదు.

ఈ దినమును నెలకొల్పినవారు రెండవ జాన్ పాల్ పోపుగారు. 1992 మే 13వ తేదీన వారు దీనిని ప్రకటించిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ఫ్రాన్సు దేశములోని లూర్దు నగరమున మొదటి ఉత్సవము జరిగెను. మే 13వ తేదీకి వారి జీవితములో ఒక ప్రత్యేకత కలదు. 1981లో సరిగా ఆ తేదీననే వాటికన్‌లో వారిపై తుపాకి ప్రయోగింపబడెను. అటుపిమ్మట వారు వారముల తరబడి ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. 1984 ఫిబ్రవరి 11వ తేదీన మానవ బాధయొక్క అర్థమును గూర్చి వారొక లేఖ వెలువరించిరి. తరువాతి సంవత్సరము అదే తేదీన వైద్యసేవకుల ఆధ్యాత్మిక సహాయమునకై వాటికన్‌లో ఒక శాఖను ఏర్పరచిరి. చివరి సంవత్సరములలో చేతులు వణకు వ్యాధితో బాధపడుచు, ప్రజల యెదుట దానిని దాచుకొనక, 2005 ఏప్రిల్ 2వ తేదీన కన్నుమూసిరి. రోగుల దినమును నెలకొల్పినవారు రోగబాధను స్వయముగా ఎరిగినవారే.

ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. 1858లో ఆ దినమున బెర్నదెత్త అను పదునాలుగేండ్ల బాలిక వంటచెరకు ఏరుకొనుటకు గావ్ నదీతీరమునకు వెళ్లెను. తండ్రి పిండిమర నడిపి నష్టపడినవాడు. కుటుంబమంతయు ఒకప్పుడు చెరసాలగా నుండిన ఒకే గదిలో కాపురముండెను. ఆ బాలికకు ఉబ్బసము. నదియొడ్డున నున్న గుహలో ఆమెకు మరియమాత దర్శనమిచ్చెనని, జులై 16వ తేదీ లోపల పదునెనిమిది పర్యాయములు ఆ దర్శనము కలిగెనని చెప్పుదురు. 1862లో అచ్చటి పీఠాధిపతి దీనిని అంగీకరించెను. ఆ గుహలోని ఊట నీటికై నేటికిని లక్షలాది జనము వచ్చుచుందురు.

లూర్దులో స్వస్థత పొందితిమని చెప్పినవారు వేలకొలది కలరు. అయితే 1883 నుండి అచ్చట ఒక వైద్య కార్యాలయము ఈ స్వస్థతలను పరీక్షించుచున్నది. వైద్యులు ఏ మతమువారైనను, మతమే లేనివారైనను ఆ పరీక్షలో పాల్గొనవచ్చును. 2018 నాటికి అద్భుతములని పీఠాధిపతులు అంగీకరించినవి డెబ్బది మాత్రమే. అట్లయిన తక్కిన లక్షలమంది ఎందుకు వెళ్లుదురు? వెళ్లి ఏమి తెచ్చుకొందురు?

దీనికి సమాధానము ఆ ఊరి వీథులలోనే కనబడును. లోకమున రోగి సాధారణముగా ఇంటిలో వెనుకగదిలో నుండును. లూర్దులో రోగి అందరికంటె ముందుండును. చక్రముల కుర్చీలకును, మోసికొని వచ్చు మంచములకును తక్కినవారు దారి విడుతురు. వానిని త్రోయువారు, రోగులకు స్నానము చేయించువారు, అన్నము తినిపించువారు చాలవరకు స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగములో సెలవు పెట్టి, తమ ఖర్చుతో వచ్చి సేవచేసి పోవుదురు. వ్యాధి నయము కాకపోయినను, తాను ఎవరికిని భారము కాననెడు భావముతో రోగి తిరిగి వెళ్లును.

బెర్నదెత్త జీవితము దీనినే చెప్పుచున్నది. ఆ ఊట నీటివలన ఎందరో స్వస్థులైరని చెప్పుకొన్నను ఆమె ఉబ్బసము మానలేదు. 1866లో ఆమె నెవేర్ నగరమందలి కన్యకామఠములో చేరెను. అచ్చట రోగుల గదిలో సహాయకురాలిగా పనిచేసెను. తరువాత తానే మంచముపట్టి, 1879 ఏప్రిల్ 16వ తేదీన ముప్పదియైదేండ్లకే మరణించెను. ఆమెను కతోలిక సభ 1933లో పునీతురాలిగా ప్రకటించెను. రోగియు ఆమెయే, పరిచారికయు ఆమెయే.

తెలుగువారికి ఈ ఫిబ్రవరి 11వ తేదీ క్రొత్తది కాదు. బెజవాడ ప్రక్కనున్న గుణదల కొండపై 1924లో ఆర్లాటి అను ఇటలీ దేశపు గురువు లూర్దు మాత స్వరూపమును నిలిపెను. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచ్చట తిరునాళ్లు జరుగుచున్నవి. తలనీలాలిచ్చువారు, కొబ్బరికాయలు కొట్టువారు ఆ మెట్లపై కానవచ్చుదురు. కొండ ఎక్కువారిలో హిందువులు కూడ అనేకులు కలరు. బిడ్డకు జ్వరము తగ్గినందుకు మ్రొక్కు చెల్లించు తల్లిని ఆమె మతమేదని అచ్చట ఎవరును అడుగరు. వ్యాధిగ్రస్తుల దినపు అంతర్జాతీయ ఉత్సవము భారతదేశమున 2002లో వేళాంగణిలోను, 2019లో కలకత్తాలోను జరిగెను.

గుణదలకు సమీపముననే, గుంటూరులో, ఈ దినపు భావమునకు నిదర్శనమైన జీవిత మొకటి గడచెను. మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున జన్మించెను. మెల్బోర్న్ విశ్వవిద్యాలయములో వైద్యవిద్య ముగించి అచ్చటనే పేరుపొందిన వైద్యురాలయ్యెను. పురుష వైద్యులకు తమ బాధ చెప్పుకొనలేక భారతదేశమున స్త్రీలును శిశువులును మరణించుచున్నారని ఒక చిన్నపుస్తకములో చదివి, 1920లో గుంటూరు వచ్చి కన్యకామఠములో చేరెను. ఆనాటి కతోలిక నియమముల ప్రకారము సన్యాసినులు వైద్యవృత్తి చేయరాదు. ఆమెకు పోపుగారు ప్రత్యేకానుమతి నిచ్చిరి. ఆ అడ్డు అందరికిని తొలగినది 1936లో.

ఆమె గుంటూరులో చేసిన పని మందులిచ్చుటతో ఆగలేదు. ఒక్క వైద్యురాలు ఎందరిని చూడగలదు? కనుక ఆమె స్థానిక స్త్రీలకు మందులు కలుపుట, రోగులకు పరిచర్య చేయుట, పురుడు పోయుట నేర్పించెను. చిన్న ఔషధశాల పునీత జోజప్పగారి ఆసుపత్రిగా పెరిగెను. 1943లో భారతదేశపు కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. 1957లో బెంగుళూరులో వ్యాధిగ్రస్తురాలై మరణించెను. ఆమె ఒక్కతే అన్నియు చేయవలెనని తలచియున్నచో ఆమెతోనే ఆ పనియు ముగిసియుండెడిది.

పరిచారకునికి ఇట్టి స్థానమిచ్చుట భారతీయ వైద్యమునకును పరిచితమే. చరక సంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచర్య తెలిసియుండుట, నేర్పు, రోగియందు ప్రేమ, శుచిత్వము అనునవి పరిచారకుని గుణములని పేర్కొన్నది. నాలుగింటిలో ఒక పాదము విరిగినను మంచము నిలువదు. అయినను వైద్యునికి రుసుము, ఔషధమునకు ధర, రోగికి సానుభూతి లభించుచుండగా, పరిచారకునికి లభించున దేమి?

ఈ ప్రశ్న స్వగ్రామమునకు దూరముగా నివసించు కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు మరింత దగ్గరిది. పల్లెలో వ్యాధి వచ్చినచో ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని కూర్చుందురు. పరదేశపు ప్రభుత్వ క్వార్టరులో ఆ వంతులు లేవు. ఊరినుండి తెచ్చుకొన్న అత్తగారు మంచమున నున్నచో, భర్త ఆఫీసునకు పోవును, పిల్లలు బడికి పోవుదురు, మిగిలినది కోడలు. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము మందులు సమకూర్చును. బిల్లు సమర్పించినచో ఖర్చు తిరిగి వచ్చును. కాని మేల్కొన్న రాత్రులకు బిల్లు లేదు. ఆ పెద్దమ్మకు హిందీ రాదు. ఆసుపత్రి వార్డులో నొప్పి ఎచ్చటనో నర్సుకు చెప్పలేదు. కోడలు ఇంటికి వెళ్లిన రెండు గంటలు ఆమె మూగయై పడియుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. బాధకు అర్థము కలదని చెప్పుట మంచిదే. కాని ఆ మాటను రోగికి చెప్పి ఓర్చుకొమ్మనుట, సేవ పుణ్యమని కోడలికి చెప్పి ఆమెపైననే భారమంతయు మోపుట ధర్మము కాదు. సువార్తలోని మంచి సమరయుని కథ దీనిని స్పష్టముగా చెప్పుచున్నది. దొంగలు కొట్టి పడవేసిన బాటసారికి అతడు ఉపదేశము చేయలేదు. గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టెను. తన వాహనముపై నెక్కించి సత్రమునకు చేర్చెను. ఆ రాత్రి తానే కనిపెట్టుకొని యుండెను. మరునాడు సత్రపు యజమానికి రెండు దేనారములిచ్చి, రోగిని అతనికి అప్పగించి, పైన ఎంత ఖర్చయినను తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి తన పనిపై సాగిపోయెను. సమరయుని అందరు పొగడుదురు. సత్రపు యజమానిని ఎవరును తలపరు. ఆ బాటసారి బ్రదుకుటకు ఇద్దరును కావలసి వచ్చిరి. సేవను పంచుకొనుట ఆ కథలోనే కలదు.

ఏకాంతమెంత క్రూరమైనదో 2020, 2021 సంవత్సరముల కోవిడ్ విపత్తు చూపెను. అనేక చోట్ల బంధువులకు వార్డులోనికి ప్రవేశము లేకపోయెను. తలుపునకు ఇవతల నిలుచుండి కబురుకై ఎదురుచూచినవారు, రోగి ప్రక్కన ఒక కుర్చీ వేసికొని కూర్చుండగలుగుట ఎంతటి భాగ్యమో తెలిసికొనిరి.

ఆ కుర్చీ నేడు ఎల్లరకును తెరచియేయున్నది. సాంస్కృతిక సంఘములు పద్యపఠనములు, నాటకములు, ఉగాది ఉత్సవములు జరుపుచున్నవి, అవి జరుగవలసినవే. వానితోపాటు, ఏ ఇంటిలో దీర్ఘవ్యాధిగ్రస్తులున్నారో తెలిసికొని, వారమున కొక సాయంకాలము ఒక సభ్యుడో సభ్యురాలో రెండు గంటలు అచ్చట కూర్చుండిన చాలును. ఆ రెండు గంటలు ఆ ఇంటి ఇల్లాలు నిద్రపోవచ్చును. ఆసుపత్రిలో నున్న పెద్దమ్మతో తెలుగులో మాటలాడి, ఆమె బాధను నర్సుకు తెలిపినచో, భాషాసేవ అనెడి మాటకు అంతకంటె గొప్ప అర్థముండదు. ఒక పూట సాంబారు గిన్నె పంపుటకు తీర్మానములు అక్కరలేదు.

ఫిబ్రవరి 11వ తేదీన గుణదల మెట్లు ఎక్కువారు ఎక్కుదురు. లూర్దు గుహ యెదుట దీపములు వెలుగును. ఎచ్చటికిని కదలలేనివారు, వారిని విడిచి కదలరాని వారును ఇంటిలోనే యుందురు. వారి తలుపు తట్టుట ఏ మతమునకును విరుద్ధము కాదు. “అమ్మా, ఈ పూట మీరు పండుకొనండి, ఇచ్చట మేము కూర్చుందుము” అను మాట చాలును.

స్వస్తి.