తాతల ఊరు కోనసీమ, మా పోరు తెలంగాణ



మమ్మల్ని ఈ వేదిక మీద చూసి 'వీళ్లది ఆంధ్ర కదా' అని కొందరు అనుకోవచ్చు. నిజమే. మా తాతది రాజోలు పక్కన పల్లె. 1960లలో సర్కారు ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చారు. మేము ఇక్కడే పుట్టాం, ఇక్కడే డిగ్రీ చదివాం, ఇక్కడి రోడ్ల మీదే లాఠీ దెబ్బలు తిన్నాం.

మొన్న చాలా ఏళ్లకు ఆ ఊరు వెళ్లాం. కొత్తపేట, అమలాపురం దాటి బస్సు పోతుంటే దారి పొడుగునా కొబ్బరి తోటలు, కాలువలు. పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టి, బోండం కొట్టి చేతికిచ్చి అడిగారు: "ఏరా, మన రక్తం అయ్యుండి మీరూ విడగొట్టమన్నారంట, నిజవేనా?"

"నిజమే పెదనాన్నా. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్ మీ నేల కింద ఉంది. బావి ఎక్కడ తవ్వాలో, పైపు ఎటు పోవాలో మిమ్మల్ని అడిగారా?"

"మమ్మల్ని అడిగేదెవడ్రా?"

"తెలంగాణ కొట్లాడింది కూడా ఆ మాట కోసమే."

ఇంకో మాట చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాం. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఇక్కడి ఉద్యోగాలకు రక్షణ రాసుకున్నారు. అది అమలు కాకపోబట్టే 1969లో పిల్లలు రోడ్డెక్కారు, తూటాలకు బలయ్యారు. 1985లో 610 జీవో ఇచ్చినా అదే తంతు. మా తాత కష్టజీవే, ఎవరికీ ద్రోహం తలపెట్టలేదు. కానీ ఆయన కూర్చున్న కుర్చీ పాలమూరులోనో, కరీంనగర్‌లోనో చదువుకున్న ఒక పిల్లవాడికి దక్కాల్సింది కావచ్చు. ఆ కుర్చీ జీతంతోనే మేము పెరిగాం. అందుకే మేము ఉద్యమంలోకి వచ్చింది జాలితో కాదు, బాకీ తీర్చుకోవడానికి.

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "సరే, మీ రాష్ట్రం మీకొచ్చింది గదా. ఇప్పుడక్కడ అందర్నీ అడిగే చేస్తన్నారా?"

మా దగ్గర జవాబు లేదు. సింగరేణి ఓపెన్‌కాస్టు కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు కళ్ల ముందు మెదిలారు. కోచింగ్ సెంటర్లలో వయసు కరిగిపోయిన తమ్ముళ్లు గుర్తొచ్చారు.

'విడిపోయి కలిసుందాం' అన్నాం. మాట తప్పలేదు. పెదనాన్న బస్సు దాకా వచ్చి, సంచిలో కొబ్బరికాయలు పెట్టి పంపారు. చుట్టరికం ఎక్కడికీ పోలేదు. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినా, ఆ అరుగు మీది ప్రశ్న అట్లాగే ఉంది. దాన్ని తెచ్చి మీ ముందు పెడుతున్నాం. జవాబు మనమే చెప్పాలి.

జై తెలంగాణ!