నల్లా మీటరు చదువుడు మన పనే
(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, బ్యాంకు అప్పుల లెక్క ఇప్పటికే చదివి వినిపించారు. మేము చెప్పబోయేది ఇంకో లెక్క. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు. గేటు పక్కన చిన్న గుంటలో, రాయి మూత కింద, సగం మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. అదే నల్లా మీటరు. ఈ ఏడాది సంఘం మీటింగుల్లో అప్పుల తర్వాత ఎక్కువగా వచ్చిన మాట నల్లా బిల్లుదే. ఒక ఇంటికి సున్నా వస్తుంది, పక్క ఇంటికి వందల్లో వస్తుంది. కిరాయికి ఉండేవాళ్లకు బిల్లు కాగితమే కనబడదు, నెలనెలా నీళ్ల పైసలు మాత్రం కడుతూనే ఉంటారు. ఎందుకిట్ల అంటే, ‘ఏమో అక్కా’ అనే జవాబే తప్ప ఇంకోటి లేదు. అందుకని కార్యవర్గంలో కూర్చొని మాట్లాడుకొని, తెలిసినవాళ్లను అడిగి, మా ఇళ్ల మీటర్ల మూతలు ఎత్తి చూసి, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మన హైదరాబాద్‌లో ఇంటి నల్లాకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. 2021 జనవరిలో మొదలుపెట్టి, 2020 డిసెంబరు వాడకం నుంచే లెక్కలోకి తీసుకున్నారు. బస్తీ కనెక్షన్ అయితే మీటరు లేకపోయినా మాఫీ ఉంది. మిగతా ఇళ్లకు రెండు షరతులు పెట్టారు. పనిచేసే మీటరు ఉండాలి, బిల్లు మీద ఉండే క్యాన్ నంబరుకు ఆధార్ కలిపి ఉండాలి. దానికి గడువు కూడా పొడిగించారు. అయినా చేయించుకోనివాళ్లకు ఆ నెలల బిల్లులన్నీ కలిపి ఒక్కసారే వచ్చి పడ్డాయి. 

ఇందులో ‘పనిచేసే’ అన్న మాట గట్టిగా పట్టుకోవాలి. మా ఇంట్లో మీటరు ఉంది కదా అని ఊరుకుంటాం. అద్దం లోపల చెమ్మ పట్టి అంకెలు కనబడవు. లేదంటే ముల్లు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. తిరగని మీటరు ఉంటే లాభమే కదా అని మన సంఘంలోనే ఒకరిద్దరు నవ్వుతూ అన్నారు. లాభం కాదు. మీటరు తిరగకపోతే వాడకం ఇంత అని చూపించడానికి మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు. అప్పుడు ఎంత వేస్తే అంత.

ఇక చదివే పద్ధతి. మన గ్యాస్ బుక్కు, కరెంటు మీటరు చదివినంత తేలికే. మామూలు ఇంటి మీటరు మీద నల్ల అంకెలు ఉంటాయి, ఎర్ర అంకెలో ఎర్ర ముళ్లో ఉంటాయి. నల్ల అంకెలు యూనిట్లు. ఒక యూనిట్ అంటే వెయ్యి లీటర్లు. బిల్లు మీద దాన్నే కిలోలీటరు అంటారు. ఎర్రవి అంతకంటే తక్కువ లీటర్లు. మనకు నల్లవి చాలు. ప్రతి నెలా ఒకటో తారీఖున నల్ల అంకెలు ఫోటో తీసి పెట్టుకోండి. పోయిన నెల 412, ఈ నెల 430 ఉంటే 18 యూనిట్లు వాడినట్టు. 20 లోపల ఉన్నాం, బిల్లు రాకూడదు. 436 ఉంటే 24 వాడినట్టు. పైన ఉన్న 4 యూనిట్లకు టారిఫ్ ప్రకారం కట్టాలి.

బిల్లు చేతికి రాగానే పైసలు ఎంత అని చూస్తాం. ముందు చూడాల్సింది తారీఖులు. పోయినసారి రీడింగు ఏ రోజు, ఈసారి ఏ రోజు అని. నెలకు 19 యూనిట్లు వాడే ఇంటికి 38 రోజులకు రీడింగు తీస్తే 24 యూనిట్లు అవుతుంది. ఇంట్లో ఎవరూ చుక్క ఎక్కువ వాడలేదు, అయినా 20 దాటింది. అప్పుడు ‘నీళ్లు ఎక్కువ వాడుతున్నావు’ అని కోడలి మీద పడితే ఏం లాభం? ఎన్ని రోజుల లెక్క ఇది అని అడగాలి. అడగడానికి చేతిలో మన ఫోటో ఉండాలి.

20 వేల లీటర్లు ఎక్కువా తక్కువా అని కూడా అడిగారు. మురుగు కాలువలున్న నగరాలకు మన దేశంలో పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఐదుగురు ఉన్న ఇంటికి 30 రోజులకు 20,250 లీటర్లు అవుతాయి. అంటే ఒక్క కుటుంబం ఒక్క నల్లా వాడుకుంటే సరిగ్గా సరిపోతుంది. కానీ మనలో ఎంతమందికి ఒక్క ఇంటికి ఒక్క నల్లా ఉంది? కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, వెనక రేకుల గది. పదకొండు మంది, ఒకటే మీటరు. ఇదే లెక్కన వాళ్లకు 44 వేల లీటర్ల పైమాటే.

ఈ కిరాయి ఇళ్ల సంగతి మేము కొంచెం ఎక్కువసేపు చెబుతాం, ఎందుకంటే కొట్లాటలన్నీ అక్కడే. మన సభ్యురాలు ఒకామె మూడు పోర్షన్ల ఇంట్లో ఉంటుంది. నీళ్ల పైసలని నెలకు రెండు వందలు కిరాయితో కలిపి ఇస్తుంది. ఒకసారి బిల్లు చూపించమంటే ‘నీకెందుకమ్మా’ అన్నారు ఓనరు. ఆమె గొడవ పెట్టుకోలేదు. ఒకటో తారీఖున మూత ఎత్తి ఫోటో తీసుకుంది, మళ్లీ నెల ఒకటిన ఇంకోటి తీసుకుంది. 17 యూనిట్లు. ఆ రెండు ఫోటోలు ఓనరమ్మకు చూపించి, ‘అక్కా, ఇది ఉచితం లోపలే ఉంది కదా, నేను ఇచ్చే రెండు వందలు దేనికి?’ అని అడిగింది. ఓనరమ్మ చెప్పిన జవాబు కూడా మనం వినాలి. సంపులోంచి ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటరు కరెంటు ఆమె మీటరు మీదే పడుతోంది, ట్యాంకు కడిగించే ఖర్చూ ఆమెదే. అది నిజమే కదా. చివరికి మోటరు కరెంటులో వాటా వేసుకొని, నీళ్ల పైసలు తగ్గించుకున్నారు. ఇద్దరికీ మాట దక్కింది. బిల్లు సున్నా అయితే ఏమీ ఇవ్వనవసరం లేదని మేము చెప్పడం లేదు. దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

20 దాటిన నెలలో పంచుకునే పద్ధతి గురించి. పోర్షన్‌కు ఇంత అని వేస్తే ఇద్దరున్న ఇల్లు, ఆరుగురున్న ఇల్లు సమానం అయిపోతాయి. తలకు ఇంత అని వేస్తే న్యాయం. పదకొండు మందిలో నలుగురు మీ ఇంట్లో ఉంటే పదకొండు వాటాల్లో నాలుగు మీవి. వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్లు వేరు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు వేరు అని మళ్లీ వాదన వస్తుంది. అంత దాకా పోతే పోర్షన్‌కో చిన్న మీటరు పెట్టించుకోవడమే దారి. మంచం మీద ఉన్న ముసలామె బట్టలు రోజూ ఉతకాల్సిన ఇంటిని మాత్రం ‘మీవల్లే బిల్లు’ అని ఎత్తిపొడవకండి. ఈ ఏడు అట్లాంటి పంచాయితీ ఒకటి సంఘం దాకా వచ్చింది. వినడానికే కష్టం అనిపించింది.

వాడకం పెరగకుండానే రీడింగు పెరిగిందంటే ఎక్కడో కారుతోంది. మన ఇంకో సభ్యురాలి ఇంట్లో 18 ఉండే యూనిట్లు ఒక నెల 31కి ఎక్కాయి. మీటరు పాడైందని అందరూ తేల్చేశారు. ఆమె మాత్రం నల్లా వచ్చే టైముకు, అంటే రాత్రి మూడు గంటలకు లేచి టార్చి వేసి చూసింది. సంపులో నీళ్లు నిండగానే మూసుకోవాల్సిన బంతి వాల్వు ఇరుక్కుపోయింది. నిండిన సంపు పొర్లి పక్క మోరీలోకి పోతోంది. అంతా నిద్రలో ఉన్నప్పుడు జరిగేది ఎవరికి తెలుస్తుంది? నీళ్ల కోసం నడిరాత్రి లేచేది ఇంట్లో ఎవరో మీకు తెలుసు కనుక, మీటరు చదివే పని కూడా వాళ్లదే అని మేము అంటున్నాం.

కారుతోందా లేదా చూడడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మీటరు మధ్యలో చిన్న చుక్క చక్రం ఒకటి ఉంటుంది, నీళ్లు కొంచెం పోయినా తిరుగుతుంది. నల్లా వస్తున్న టైములోనే, సంపులోకి పోయే వాల్వు, నేరుగా నల్లాకు ఉన్న కుళాయిలు అన్నీ కట్టేసి ఆ చక్రం చూడండి. ఆగితే మంచిదే. తిరుగుతుంటే మీటరుకూ సంపుకూ నడుమ పైపు ఎక్కడో పగిలింది. నల్లా రాని టైములో చూస్తే ఏమీ తెలియదు, అప్పుడు ఎట్లాగూ తిరగదు.

ఇంటి లోపల కారేది వేరే. అది సంపు నీళ్లను తాగేస్తుంది, మర్నాడు నల్లా వచ్చి సంపు నింపేటప్పుడు మీటరు మీద పడుతుంది. కారే కుళాయి కింద లీటరు సీసా పెట్టండి. 20 నిమిషాలకు నిండితే రోజుకు 72 లీటర్లు, నెలకు రెండు వేల లీటర్ల పైన, అంటే రెండు యూనిట్లు. వాషరు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంత, మీరే చెప్పండి. లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు కారేది చప్పుడు కూడా చేయదు. రాత్రి పడుకునే ముందు దాంట్లో నాలుగు చుక్కలు నీలిమందు వేయండి, ఎవరినీ వాడొద్దని చెప్పండి. అరగంట తర్వాత కింద నీలం కనబడితే లోపల కారుతున్నట్టే.

గాలికి మీటరు తిరుగుతుందన్న మాట బస్తీల్లో బాగా నడుస్తుంది. అది ఉత్తమాట కాదు. రోజంతా నీళ్లు రాని లైన్లో గాలి నిండి ఉంటుంది, నీళ్లు వదలగానే ముందు ఆ గాలే తోసుకొని వస్తుంది, చక్రం గిరగిరా తిరుగుతుంది. కానీ ప్రతి పెద్ద బిల్లూ గాలి బిల్లు కాదు. అనుమానం ఉంటే లెక్క కట్టి చూడండి. నీళ్లు నిండుగా వస్తున్నప్పుడు, మీటరు తర్వాత, సంపు కంటే ముందు పైపు పెట్టి 20 లీటర్ల క్యాను ఐదుసార్లు నింపండి. ఎర్ర ముళ్ల మీద 100 లీటర్లు కదలాలి. రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అయితే సరే. 120, 130 చూపిస్తే మీటరు పరీక్ష చేయించమని అడగడానికి మీకు హక్కు ఉంది. కస్టమర్ కేర్ నంబరు 155313. ఫోన్ చేసినప్పుడు క్యాన్ నంబరు చేతిలో ఉంచుకోండి, వాళ్లు చెప్పిన ఫిర్యాదు నంబరు సంఘం పుస్తకంలో రాయించండి.

నల్లాకు నేరుగా మోటరు బిగించేవాళ్లు మనలోనూ ఉన్నారు, పేర్లు వద్దు. నీళ్లు రాకముందే మోటరు వేస్తే అది పీల్చేది గాలినే, తిరిగేది మీ మీటరే. పట్టుబడితే మోటరు తీసుకుపోతారు, జరిమానా వేస్తారు. అన్నిటికంటే, గల్లీ చివర ఉన్న చెల్లెలి బిందె ఖాళీగా ఉంటుంది.

ఆ చివరి ఇళ్ల సంగతి చెప్పి ముగిస్తాం. ఆరుగురు ఉన్న ఇంట్లో నెలకు 8 యూనిట్లే తిరిగిందనుకోండి. బిల్లు సున్నా. సంతోషపడాలా? మనిషికి రోజుకు 44 లీటర్లు వచ్చినట్టు. పల్లెలకు జల్ జీవన్ మిషన్‌లో పెట్టుకున్న లెక్కే 55 లీటర్లు. మిగతాది ఆ ఇల్లు బోరింగు దగ్గర లైను కట్టి తెచ్చుకుంటుంది, లేదంటే ట్యాంకరుకు పైసలు పెడుతుంది. ఆ ఖర్చు ఏ నల్లా బిల్లు మీదా కనబడదు. ‘మాకు నీళ్లు సరిగ్గా రావడం లేదు సారు’ అని నోటితో చెబితే, ‘వదులుతున్నాం కదమ్మా’ అంటారు. గల్లీ మొదట్లో ఉన్న ఇంటి మీటరు 19, చివర ఉన్న ఇంటి మీటరు 8 అని ఫోటోలు పక్కపక్కన పెడితే అప్పుడు మాట్లాడుకోవడానికి అంకెలు ఉంటాయి.

కాబట్టి కార్యవర్గం తీర్మానం ఇది. వచ్చే నెల నుంచి ప్రతి సంఘం మీటింగులో పొదుపు రాసుకున్నాక, మీటరు ఉన్న ప్రతి సభ్యురాలి రీడింగు ఒక పేజీలో రాయాలి. తారీఖు, నల్ల అంకెలు, ఇంట్లో ఎంతమంది, ఈ మూడే. కిరాయికి ఉన్నవాళ్లు ఓనరు ఇంటి మీటరు ఫోటో తేవాలి. మూత ఎత్తనివ్వకపోతే ఒంటరిగా పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి మర్యాదగా అడగండి. మీటరు చెడిపోయి కొత్తది పెట్టించుకోవాల్సినవాళ్లకు సంఘం అంతర్గత అప్పులో ముందు వరుస ఇస్తాం, చిన్న వాయిదాల్లో తీర్చుకోవచ్చు. మూడు నెలల పేజీలు జమ అయ్యాక గల్లీ వారీగా కూర్చి, తక్కువ తిరుగుతున్న గల్లీల అర్జీ సమాఖ్య లెటర్‌హెడ్ మీద పెడతాం. రీడింగు చదవడం రానివాళ్లు ఎవరున్నా చెప్పండి. భోజనాల తర్వాత ఇక్కడే గేటు దగ్గర ఉన్న మీటరు మూత ఎత్తి చూపిస్తాం.